పెద్ద కళ్ళ కొయ్య మొహం

సెప్టెంబరు మొదట్లో, వాన కాస్త తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం, ఆ కుర్రాడు ఫిలెమోనా కొట్టం ముందుకొచ్చి నిలబడ్డాడు. నెత్తిన టోపీ లేదు, భుజాన గోనెపట్టా లేదు. ఊరి దారులన్నీ చీలమండ దాకా దిగబడే బురదగా ఉంటే, అతని బూట్లకి మాత్రం మట్టి అంటలేదు. ఎక్కడో పక్కనే బండి దిగి నడిచొచ్చాడని ఫిలెమోనాకి అర్థమైంది. బండి చప్పుడు మాత్రం ఆమెకు వినపడలేదు.

"దయ్యం మొహం ఒకటి కావాలమ్మా" అన్నాడు. "సాన్ మిగేల్ పండక్కి."

ఫిలెమోనా ఉలి పక్కన పెట్టి ఒళ్ళో పడిన చెక్కపొట్టు దులుపుకుంది. ఆ దేవదూత పేరే పెట్టుకున్న సాన్ మిగేల్ అయాకోత్లా ఊళ్ళో దయ్యాల ఆట ఆడే ప్రతి మగవాడి కొయ్య మొహమూ ఆమె చేతిలోంచి వచ్చిందే. అంతకుముందు వాళ్ళ నాన్న చెక్కేవాడు. ఆయన చేతులు వణకడం మొదలెట్టాక ఉలి ఈమెకిచ్చాడు. తేలికపాటి కొయ్యని తొలిచి, మేక కొమ్ములు బిగించి, పంది వెంట్రుకలతో కనుబొమలు అతికి, ఎర్రరంగూ నల్లరంగూ పూసేసరికి, రోజూ కనపడే పక్కింటివాడు కాస్తా నరకంలోంచి లేచొచ్చినవాడిలా తయారయ్యేవాడు.

"అది బయటోళ్ళు ఆడే ఆట కాదు నాయనా. ఇక్కడ పుట్టినోళ్ళు మొక్కుకుని ఆడతారు. ఒకసారి దిగితే ఏడేళ్ళు ఆడాల."

"నేనూ మొక్కుకున్నానమ్మా. మీ తమ్ముడితో మాట్లాడాను. సరేనన్నాడు."

ఆమె తమ్ముడు ఒడిలోన్ ఆ ఆటలో పెద్ద దయ్యం. గుంపులో ఎవరిని కలుపుకోవాలో, ఎవరిని వద్దనాలో చెప్పేది అతనే. ఆ మాట విన్నాక ఫిలెమోనాకి కాదనడానికేమీ దొరకలేదు. పీట జరిపి కూర్చోమంది. నారతాడు తీసి కొలతలు తీసుకుంది. నుదుటి నుంచి గడ్డం దాకా, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా. కుర్రాడు కళ్ళు మూసుకుని, తల దువ్వించుకునే పిల్లాడిలా కదలకుండా కూర్చున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నట్టున్నాడు, సబ్బు వాసన వస్తోంది. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. ఎడమ చెవి వెనక సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న మచ్చ.

"మీదే ఊరు?"

"దూరమమ్మా."

"అమ్మా నాన్నా ఉన్నారా?"

"అమ్మ ఉంది" అన్నాడు. కాసేపాగి, "ఉండాలి" అన్నాడు.

లేచాక గోడకి తగిలించిన మొహాలన్నిటినీ ఒకటొకటిగా చూశాడు. ఒకదాన్ని తీసి మొహానికి పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పాడు.

"దీంట్లోంచి ఏమీ కనపట్టం లేదు."

"దయ్యాలకి చూపుతో పనేముంది? డప్పు వినపడితే చాలు. ముందోడి కాళ్ళు కనపడితే చాలు."

"నాకు కనపడాలమ్మా. కళ్ళు పెద్దవి పెట్టండి. పక్కలకి కూడా ఆనేటట్టు."

అడ్వాన్సు పీట మీద పెట్టి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వాన మళ్ళీ పట్టుకుంది. చూరు కిందకి చేయి చాచి నీళ్ళు పట్టి మొహం తుడుచుకున్నాడు.

"మీ మనవరాలు కింది దారినే బడికి పోద్ది గదా. ఎర్ర సంచీ పాప. ఆ మలుపు కాడ బాగా జారుడుగా ఉందమ్మా. చూసుకుని పొమ్మనండి."

ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇంటి మనిషి చెప్పినట్టే చెప్పాడు. అతను వెళ్ళిపోయాక ఫిలెమోనా చాలాసేపు ఆ పీట మీదే కూర్చుండిపోయింది. తర్వాత లేచి, ఎప్పుడూ లేనిది, బడి విడిచే వేళకి తనే ఎదురెళ్ళి మనవరాలు రుఫీనాని చేయి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆ ఏడాది ఊళ్ళో భయం కొత్తగా వచ్చిందేమీ కాదు. ఊరి పైన కొండంతా ఉమ్మడి అడవి. ఓక్ చెట్లూ పైన్ చెట్లూ. ఎవరు ఎంత కొట్టుకోవాలో, ఎప్పుడు కొట్టుకోవాలో ఊరి సభే తేల్చేది. ఎండాకాలంలో ఎవరివో లారీలు వచ్చి అడక్కుండానే దుంగలు ఎక్కించుకుపోయాయి. రెండోసారి వచ్చినప్పుడు ఊరు ఊరంతా వెళ్ళి దారికి అడ్డంగా గొలుసు కట్టింది. కట్టించింది ఉమ్మడి భూముల పెద్ద, ఎవారిస్టో. ఆయనకి ముందు కొండ అవతలి ఊళ్ళో ఇలాగే గొలుసు కట్టించిన పెద్దమనిషిని లోయలోంచి శవంగా పైకి తీశారు. సైన్యం బండ్లు వచ్చాయి, ఫోటోలు తీసుకున్నాయి, వెళ్ళిపోయాయి. ఆ ఊళ్ళో ఇప్పుడు గొలుసు లేదు.

ఎవారిస్టో కూతురికి ఫిలెమోనా జ్ఞానతల్లి. జ్ఞానస్నానం నాడు ఆ పసిదాన్ని ఎత్తుకున్న దగ్గర్నుంచీ ఆ రెండిళ్ళూ ఒక్కటే. ఈ ఏడు సాన్ మిగేల్ పండగ ఖర్చూ బాధ్యతా నెత్తికెత్తుకున్నది కూడా ఆయనే. ఆచారం ప్రకారం పండగ ముందురోజు దయ్యాలు మొదట పండగ పెద్ద ఇంటికే వస్తాయి. ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కొక్క దయ్యానికీ తన చేత్తో మెస్కాల్ సారా పోస్తాడు. తాగిన దయ్యం ఆయన్ని గట్టిగా కౌగిలించుకుని, గొంతు మార్చి, ఆయన చేసిన పాపమొకటి చెవిలో చెప్తుంది. పక్కవాడి గట్టు జరిపావనో, పెళ్ళాం చూడకుండా బెల్లం తిన్నావనో. ఊరంతా విరగబడి నవ్వుతుంది. మొహం తగిలించుకున్నాక ఆ మనిషి పేరు ఎవరూ ఎత్తకూడదు. ఏ దయ్యం ఎవరో తెలిసినా తెలియనట్టే ఉండాలి.

ఫిలెమోనా ఇదంతా తలుచుకుంది. చెవిలో చెప్పడానికి వంగేంత దగ్గరగా వస్తాడు ఆ కుర్రాడు. గుమ్మం ముందు తారాజువ్వలు పేలుతుంటాయి. తుపాకీ పేలినా ఎవరికీ తెలీదు. కత్తి అయితే అసలే తెలీదు. పక్కనే మనిషెత్తు పెరిగిన మొక్కజొన్న చేను. దూరితే ఇక కనపడడు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి చేలోకి వెళ్ళింది. ఒడిలోన్ కంకులు విరుస్తున్నాడు. అక్కని చూసి కూడా పని ఆపలేదు.

"ఎవుర్రా ఆ అబ్బాయి?"

"ఏ అబ్బాయి?"

"నాతో ఆటలాడమాక. నా కొట్టానికొచ్చాడు. నీతో మాట్లాడానన్నాడు."

ఒడిలోన్ కంకి మీద పీచు తీస్తూ నిలబడ్డాడు. "మొక్కంట అక్కా. మొక్కున్నోణ్ణి ఎట్టా కాదంటాం?"

"వాడికి గుళ్ళో సాన్ మిగేల్ బొమ్మ కాలు ఏ పక్కకుందో కూడా తెలీదు. మొక్కంట."

"ఇద్దరొచ్చారు" అన్నాడు తమ్ముడు చివరికి, చేను వైపు తిరిగి. "ఇక్కడికే. వాళ్ళల్లో పెద్దాయన నా కొడుకు నడిపే బండి నంబరు చెప్పాడు. చిల్పన్సింగో పట్నంలో వాడు అద్దెకుండే ఇంటి తలుపు రంగు చెప్పాడు. మీ గుంపులో ఒకడు ఎక్కువాడితే మీకేం పోద్దన్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

"ఎందుకు ఆడతన్నాడో నీకు తెలుసు."

"నాకేం తెలీదు. నీకూ తెలీదు. నిజంగా మొక్కేమో."

"ఒడిలోన్, నా కళ్ళల్లోకి చూసి ఆ మాట చెప్పు."

అతను చూడలేదు. బుట్ట భుజానికెత్తుకుని సాళ్ళ మధ్యలోకి వెళ్ళిపోయాడు. ఆకులు కదలడం ఆగేదాకా ఫిలెమోనా అక్కడే ఉంది.

అక్కడి నుంచి తిన్నగా ఎవారిస్టో ఇంటికి వెళ్ళింది. పెరట్లో ఆయన పండగ జెండాలకి దారం కడుతున్నాడు. వంటింట్లో ఆయన భార్య నికనోరా ఎండుమిరపకాయలు వేయిస్తోంది, ఘాటుకి ఇల్లంతా దగ్గుతోంది. ఫిలెమోనా గొంతు తగ్గించి జరిగినదంతా చెప్పింది. ఎవారిస్టో దారం కడుతూనే విన్నాడు.

"కళ్ళు పెద్దవి కావాలన్నాడా" అని నవ్వాడు. "మంచి పనోడే. ఎవుర్ని పడితే వాళ్ళని పొడవకుండా చూసుకుంటన్నాడు."

"నవ్వమాక అన్నా. నువ్వు పండగ రెండ్రోజులు ఎటన్నా పో. జబ్బు చేసిందని చెప్తాం."

"చెల్లెమ్మా, నేను దయ్యాలకి తలుపు తియ్యకపోతే ఏమవుద్ది? ఎవారిస్టో దాక్కున్నాడంటారు. మర్నాటికల్లా ఆ గొలుసు దానంతటదే ఊడిపోద్ది. ఎవుడూ వచ్చి తియ్యాల్సిన పన్లేదు."

"తలుపు తీస్తే చస్తావు."

"పండగలో తాగి కొట్టుకున్నారు, ఏ దయ్యమో పొడిచింది అంటారు. ఊరోళ్ళే చేశారంటారు. ఇక ఒకడి మీద ఒకడికి నమ్మకం ఉండదు. వాళ్ళకి కావాల్సింది నేను కాదు, అది." ఆయన ముడి బిగించి, పళ్ళతో దారం తెంపాడు. "నికనోరాకి చెప్పమాక. పండగ దాకన్నా దాన్ని నిద్రపోనీ."

వంటింట్లోంచి నికనోరా కేకేసింది. "ఏంది మీ ఇద్దరి గుసగుసలు? నా వంట మీదేనా?"

"నీ వంట తిని ఎవురు బతుకుతారా అని లెక్కేస్తన్నాం" అన్నాడు ఎవారిస్టో.

ఇంటికొచ్చి ఫిలెమోనా కొయ్య ముందేసుకుంది. చెక్కకుండా ఉండడం ఎలాగో ఆమెకి తోచలేదు. కొలత తప్పుగా చెక్కాలనుకుంది, కళ్ళు సన్నగా తొలవాలనుకుంది. తగిలించుకుని చూసుకుంటాడు కదా, అప్పుడు రుఫీనా గతేమిటి? చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నుదుటి మీద ముడతలు వచ్చాయి, వంకర ముక్కు వచ్చింది, నోట్లోంచి వేలాడే నాలుక వచ్చింది. ఆఖర్న కళ్ళు తొలిచింది. అంత పెద్ద కళ్ళతో ఆమె ఎన్నడూ ఏ దయ్యాన్నీ చెక్కలేదు. రంగు ఆరడానికి గోడకి తగిలిస్తే, మిగతావన్నీ గుడ్డివాటిలా ఉండి, అదొక్కటే గదిలోకి చూస్తున్నట్టుంది. రుఫీనా దాని వైపు వీపు పెట్టి అన్నం తింది.

చెప్పిన రోజుకి కుర్రాడొచ్చాడు. తగిలించుకుని, తాడు బిగించుకుని, నెమ్మదిగా తల తిప్పాడు. ఫిలెమోనా దగ్గర ఆగాడు. ఆ పెద్ద కళ్ళల్లోంచి అతని కళ్ళు తేటగా కనపడుతున్నాయి.

"చానా బాగుందమ్మా" అన్నాడు. "ఇట్టాంటి పని ఇప్పుడెవురు చేస్తన్నారు."

ఆ మెచ్చుకోలు ఆమెకి ఒంటి మీద జెర్రి పాకినట్టయింది.

పండగ ముందురోజు తెల్లారేసరికి మంచు కొండ దిగి ఇళ్ళ మధ్య దాకా వచ్చింది. ఆ రోజు సైతాను విడుదలై తిరుగుతాడు, మర్నాడు సాన్ మిగేల్ కత్తితో వాణ్ణి తిరిగి తరిమేదాకా. అందుకే ఆడవాళ్ళంతా తోపు అంచుకి వెళ్ళి పెరికోన్ పూలు కోసుకొచ్చి, సిలువలు కట్టి, తలుపులకీ చేల మూలలకీ పెడతారు. సోంపు వాసన వేసే పసుపుపచ్చ పూలు. ఆ వాసన ఉన్నచోటికి సైతాను రాడంటారు.

పూలు కోస్తుండగా ఫిలెమోనా మాట కదిపింది.

"ఈ ఏడు ఎవారిస్టో గుమ్మం కాడ ఎవురి దయ్యాన్ని వాళ్ళు పట్టుకోవాల. పేరు పెట్టి పిలిచి మొహం తీసెయ్యాల. ఆ తర్వాతే లోపలికి పోనివ్వాల."

అందరూ కోయడం ఆపేశారు.

"అదేం మాటే" అంది ఒక ముసలావిడ. "దయ్యానికి పేరు పెడతారా ఎక్కడన్నా? మా అత్త కాలం నుంచీ లేదు."

"నా మొగుడి కొయ్య మొహం తీస్తే లోపల అంతకంటే పెద్ద దయ్యం ఉంటాడు" అంది ఇంకొకావిడ. కొందరు నవ్వారు. ఫిలెమోనా నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి వాళ్ళూ ఆగిపోయారు.

"ఎందుకో అడగమాకండి. చేస్తారా లేదా చెప్పండి."

ఎక్కడో మంచులో లారీ గేరు మార్చిన చప్పుడైంది, లేక అలా అనిపించిందో. అప్పుడు ఒడిలోన్ భార్య ఎల్పీడియా పూలమోపు కింద పెట్టి నిలబడింది. నెల్లాళ్ళుగా ఆమె కళ్ళ కింద నల్లగా చారలు కట్టి ఉన్నాయి.

"మా ఆయన నిద్రపోవట్లా" అంది. "కొడుకుని తల్చుకుని ఏడుస్తన్నాడు. ఎందుకయ్యా అంటే చెప్పట్లా." ఫిలెమోనా వైపు చూసింది. "నేను ముందు పట్టుకుంటా. మీరు నా ఎనకాల రండి."

నికనోరా కూడా అక్కడే ఉంది. ఒళ్ళో పూలు నలిగేట్టు పట్టుకుని, ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆమెకంతా తెలిసిపోయింది.

మధ్యాహ్నం దాటాక డప్పూ పిల్లనగ్రోవీ మొదలయ్యాయి. దయ్యాలు గుడి వెనక నుంచి వీధిలోకి దిగాయి. భుజాల మీంచి వేలాడే నల్లటి కేపులు, కొమ్ములు, చేతుల్లో కొరడాలు. కుక్కలు అరుస్తూ వెనక్కి వెనక్కి పోయాయి. పిల్లలు కేకలేసుకుంటూ తల్లుల లంగాల్లో దాక్కున్నారు. తారాజువ్వలు మంచులోకి దూసుకెళ్ళి కనపడకుండా పేలుతున్నాయి. ఫిలెమోనా గోడ వారగా నిలబడి వెతికింది. వెతకాల్సిన అవసరం లేకపోయింది. గుంపులో అందరూ డప్పుకి అడుగేస్తున్నారు. ఒక్కడు మాత్రం పక్కవాణ్ణి చూసి అడుగేస్తున్నాడు. కుడిచేయి కేపు కిందే ఉంది.

వీధి చివర, చేను మొదలయ్యే చోట, ఊరివాడు కాని ఒకాయన గోడకి ఆనుకుని ఫోను పట్టుకుని ఉన్నాడు. ఫోటో తీస్తున్నట్టుగా పైకెత్తాడు.

ఎవారిస్టో గుమ్మంలోకి వచ్చాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. చేతిలో సారా బుర్ర. దయ్యాలు ఆయన ముందు వలయం కట్టి ఒక చుట్టు తిరిగాయి. పెద్ద దయ్యం ముందుకడుగు వేసింది.

ఎల్పీడియా గుంపులోంచి బయటికొచ్చి ఆ దయ్యానికి అడ్డం నిలబడింది.

"ఒడిలోన్" అంది.

డప్పు తడబడి ఆగిపోయింది. ఆ ఊళ్ళో దయ్యం పేరు బయటికి వినపడడం అదే మొదటిసారి. ఎల్పీడియా చేతులు పైకెత్తి తాడు విప్పి మొహం తీసేసింది. ఒడిలోన్ మొహమంతా తడిసి ఉంది. చెమటా కన్నీళ్ళా తెలియడం లేదు. అతను భార్య వైపు చూసి, తల వంచేశాడు.

తర్వాత వాళ్ళందరూ కదిలారు. ఒకావిడ వంకర చిటికెన వేలు చూసి తన మనిషిని పట్టుకుంది. ఒకావిడ చెప్పు తోలుకి తనే వేసిన కుట్టు చూసి కొడుకుని పట్టుకుంది. పూలు కోస్తూ నవ్వించిన ఆవిడ కూడా వచ్చి, మాట్లాడకుండా, మొగుడి మొహం తీసి చంకలో పెట్టుకుంది. పేర్లు ఒకదాని వెంట ఒకటి వినపడ్డాయి, పెద్దగా ఎవరూ అరవలేదు. కొమ్ముల కింద నుంచి ఒక్కొక్కటే ఊరి మొహాలు బయటపడ్డాయి. నెరిసిన మీసాలు, పెళ్ళికాని లేత చెంపలు, కళ్ళు చికిలించే పొరుగువాళ్ళు. పక్కకి తప్పుకుని ఎవరి ఆడమనిషి పక్కన వాళ్ళు నిలబడ్డారు.

వాకిలి మధ్యలో ఒక్క దయ్యం మిగిలింది.

అది కదల్లేదు. పెద్ద కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎక్కడ తిరిగినా మనుషులు అతన్నే చూస్తున్నారు. ఎవారిస్టో గుమ్మం దిగబోయాడు. ఫిలెమోనా అరచేయి అడ్డం పెట్టి ఆయన్ని అక్కడే ఆపేసింది. తనే నడుచుకుంటూ ఆ దయ్యం ముందుకెళ్ళింది. కేపు కింద ఆ చేయి బిగుసుకోవడం ఆమెకి కనపడింది.

"ఇంకెవురూ రారు నాయనా" అంది. "నేనే తీస్తా."

అతను ఆమె కంటే జానెడు పొడుగు. మెడ వెనక ముడి అందక ఆమె మునివేళ్ళ మీద నిలబడాల్సొచ్చింది. అతని ఊపిరి కొయ్యలోంచి వేడిగా ఆమె చెంపకి తగిలింది. ముడి విప్పుతున్నంతసేపూ ఎప్పుడు పొట్టలో కత్తి దిగుతుందా అని ఎదురుచూసింది. తాడు ఊడింది. మొహం ఆమె చేతుల్లోకి వచ్చింది.

పగటి వెలుతురులో ఊరంతా అతన్ని చూసింది. ఉత్త కుర్రాడు. పెదవి మీద చెమట, నుదుటి మీద కొయ్య ఒరుసుకున్న ఎర్రటి గీత. అతను చేను వైపు చూశాడు. గోడకి ఆనుకున్న ఆయన అప్పటికే ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అది చూశాక కుర్రాడి మొహంలో రంగు పోయింది.

"ఇప్పుడు నేనెట్టా పోవాలమ్మా?" అన్నాడు చాలా నెమ్మదిగా, ఆమెకొక్కదానికే వినపడేట్టు.

దారి అడుగుతున్నాడనుకుంది ఫిలెమోనా. ఇంకా తగ్గని భయంతోనే అంది.

"వచ్చిన దారినే పో."

మనుషులు దారిచ్చారు. అతను ఎవరినీ తాకకుండా వాళ్ళ మధ్య నుంచి నడిచి చేలోకి దిగాడు. కాసేపు ఆకులు కదిలాయి, తర్వాత అవీ కదల్లేదు.

ఎవారిస్టో సారా పోశాడు. బోడి మొహాలతో దయ్యాలు ఒక్కొక్కరే వచ్చి తాగి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఎవరికీ చెవిలో చెప్పడానికి పాపాలు తోచలేదు. ఒడిలోన్ మాత్రం చాలాసేపు వదలకుండా పట్టుకుని ఏదో చెప్పాడు. ఎవారిస్టో అతని వీపు మీద తట్టి, "సర్లే, సర్లేరా. తాగు" అన్నాడు. నికనోరా విస్తళ్ళు పరిచింది. వండింది చాలావరకు మిగిలిపోయింది.

మర్నాడు గుడి ముందు సాన్ మిగేల్ వేషం వేసిన పిల్ల కత్తెత్తి దయ్యాలని తరిమింది. బోడి మొహాల దయ్యాలు సిగ్గుపడుతూ పరిగెత్తాయి. ముసలివాళ్ళు ఇదేం పండగని సణిగారు. కొయ్య మొహాలు మళ్ళీ తగిలించుకోమని మాత్రం ఎవరూ అనలేదు. ఫిలెమోనా ఆ పెద్ద కళ్ళదాన్ని పొయ్యిలో పెట్టి, పూర్తిగా కాలేదాకా ముందే కూర్చుంది.

రుఫీనాని ఆ వారమే తల్లి దగ్గరికి, కోస్తాకి పంపించేసింది. పండగ అయిపోయాక ఇక ఏదో ఒకటి వస్తుందని ఊరంతా కాచుక్కూచుంది. కొట్టానికి నిప్పు పెడతారనుకుంది ఫిలెమోనా. చిల్పన్సింగో నుంచి ఫోను వస్తుందని ఒడిలోన్ వణికిపోయాడు. కొడుకుని అర్జంటుగా పని మాన్పించి ఊరికి రప్పించాడు. ఏదీ రాలేదు. రోజులు అంత నెమ్మదిగా గడవడం ఎవరూ ఎరగరు.

వచ్చింది అక్టోబరులో. కింది దారి మలుపులో, వాగు పక్కన, మేకలు తోలుకెళ్ళేవాళ్ళకి శవం కనపడింది. ఒంటి మీద ఇంకా ఆ నల్ల కేపే ఉంది. మునిసిపాలిటీ బండి వచ్చింది. ఎవరైనా ఎరుగుదురా అని అడిగారు. మనుషులు చుట్టూ నిలబడి నేల చూపులు చూశారు. ఫిలెమోనా ముందుకెళ్ళి వంగి చూసింది. మొహం మొహంలా లేదు. తల పక్కకి తిప్పి ఎడమ చెవి వెనక చూసింది.

"పేరు తెలీదయ్యా" అంది. "మనిషిని మాత్రం ఎరుగుదును."

అప్పుడర్థమైంది ఆమెకి అతను అడిగినదేమిటో. పని చెయ్యకుండా, మొహం ఊరంతా చూశాక, తిరిగి వెళ్ళడానికి అతనికి చోటు లేదు. వచ్చిన దారినే పొమ్మంది తను. వాళ్ళు ఆ దారిలోనే కాచుకుని ఉన్నారు.

ఊరి శ్మశానంలో పూడ్చాలని ఆమె అంటే నికనోరా ఒప్పుకోలేదు.

"నా మొగుణ్ణి చంపడానికొచ్చినోణ్ణి మా తాతల పక్కన పెడతావా? నీకేమన్నా మతిపోయిందా ఫిలెమోనా?"

"తల్లి ఉండాలన్నాడు. ఎప్పటికన్నా ఆ తల్లి ఎతుక్కుంటా వస్తే ఏం చూపిద్దాం?"

"నా మొగుడు పోయుంటే, వీడి తల్లి నాకేం చూపిచ్చేది?"

ఎవారిస్టో వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. తర్వాత పార తీసుకుని గోడ పక్కన, ఎవరి తాతలకీ చెందని మూలలో, తనే తవ్వడం మొదలెట్టాడు. కాసేపటికి ఒడిలోన్ వెళ్ళి రెండో పార అందుకున్నాడు. నికనోరా చివరిదాకా రాలేదు. సాయంత్రం పూడ్చిన చోటి మీద ఎవరో పెరికోన్ పూలు పెట్టి వెళ్ళారు, అవి ఆమె పెట్టినవేనని ఫిలెమోనా ఎప్పుడూ అనుకుంది గాని అడగలేదు.

వానలు వెనక్కి తగ్గి దారులు ఆరాక లారీలు వచ్చాయి. ముందొక పికప్పు, వెనక ఖాళీ లారీలు. గంట మోగడంతో ఊరంతా గొలుసు దగ్గరికి ఉరికింది. ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు, ఎల్పీడియా, ఫిలెమోనా, మంచులో పూలు కోసిన వాళ్ళందరూ. నికనోరా వచ్చి ఫిలెమోనా పక్కన చోటు చేసుకుని నిలబడింది, ఆమె వైపు చూడకుండానే. వాళ్ళ వెనక ఎవారిస్టో, ఒడిలోన్, మిగతా మగవాళ్ళు.

పికప్పు గొలుసుకి మూరెడు దూరంలో ఆగింది. ఇంజను ఆపలేదు. లోపలాయన అద్దం దించాడు. నడివయసు మనిషి, శుభ్రమైన చొక్కా. దిగలేదు, బెదిరించలేదు, దారి తియ్యమని కూడా అనలేదు. వరసలో ఒక చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మొహాన్నీ తీరిగ్గా, గుర్తుపెట్టుకునేవాడిలా చూసుకుంటూ వచ్చాడు. ఫిలెమోనా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. ఆమె తల తిప్పుకోలేదు. వరసలో ఎవరూ తిప్పుకోలేదు.

చూడడం అయిపోయాక ఆయన అద్దం ఎత్తాడు. పికప్పు వెనక్కి మళ్ళింది, దాని వెంటే లారీలూ మళ్ళాయి. దుమ్ము అణిగేదాకా, ఇంజన్ల చప్పుడు లోయలో పూర్తిగా ఆగిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

"రేపు ఎవురుంటారు ఇక్కడ?" అని అడిగాడు ఎవారిస్టో.

"నేనుంటా" అంది నికనోరా.